మా అత్తగారింటి సముద్రం

నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారు నన్ను సరిగ్గా చూడనే లేదు. మా పెరట్లో బట్టలుతికే బండను చూశారు.

డెబ్బైల నడుమ మాట. మేము తిరుపతిలో రైలు కట్టకు అవతల ఒక సందులో ఉండేవాళ్ళం. మా నాయన సున్నం మండీలో గుమాస్తా. మండీకి అరవదేశం నుంచి లారీల్లో సున్నపురాయి వచ్చేది. ఒకసారి ఆ రాళ్ళలో మంచం పట్టెంత పొడవున, పైన నున్నగా ఉన్న బండ ఒకటి దిగింది. అంత మంచి బండను బట్టీలో వేసి కాల్చడానికి నాయనకు మనసొప్పలేదు. యజమానికి చెప్పకుండా నలుగురు కూలీల చేత మోయించి మా పెరట్లో వేయించాడు. అమ్మ దాని మీద పన్నెండేళ్ళు బట్టలు ఉతికింది. ఆ పన్నెండేళ్ళూ మండీ యజమాని మా సందు వైపు వచ్చినప్పుడల్లా నాయన గుండెలో రాయి పడేది.

పెళ్ళివారిది చిత్తూరు. బజారు వీధిలో కళ్ళద్దాల అంగడి. వచ్చింది ముగ్గురే: అబ్బాయి, అమ్మా నాయనా. అబ్బాయి నాయన కాళ్ళు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు రాలేదు. నేను కాఫీ గ్లాసులతో తలుపు వెనక నిలబడే ఉన్నాను. కాఫీ మీద మీగడ కట్టింది. నాయన చూసి వద్దామని వెళ్తే, ఆ పెద్దమనిషి పంచె ఎగ్గట్టి బండ ముందర గొంతుక్కూర్చుని, జేబులోంచి భూతద్దం తీసి సబ్బు నురగ తుడుస్తూ దాన్ని పరీక్షిస్తున్నాడు.

"ఏమప్పా, ఈ బండ మీకు యాడిది?"

నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "అదా... శానా పాతదన్నా. మా తాతల నాటిది."

"మీ తాతది యా ఊరు?"

"ఈ ఊరే."

"ఈ ఊర్లో ఈ రాయి దొరకదే!"

నాయన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. గబగబా లోపలికి వచ్చి అమ్మ చెవిలో, "వీళ్ళను మండీ ఆయప్ప పంపించినాడే. పెండ్లిచూపులని పేరు పెట్టుకోని ఇల్లు సోదా సేసేదానికి వచ్చినారు," అన్నాడు.

"బండ కోసరం ఇంతమందిని పంపిస్తారా? ఆయమ్మ పట్టుచీర కట్టుకోని వచ్చింది సూడు," అంది అమ్మ.

కానీ నాయన భయం ఆగలేదు. మళ్ళీ పెరట్లోకి పోయి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పైపోయిందన్నా. రేపు పొద్దున్నే మండీకి ఎత్తించేస్తా."

"అయ్యో, మండీకెందుకప్పా? కాల్చేస్తారు! మా ఇంటికి ఎత్తించు," అన్నాడాయన.

అప్పుడు అందరం పెరట్లోకి పోయాం. నేను కూడా. పెళ్ళికూతురు గడప దాటకూడదని గుర్తుచేసేవాళ్ళు కూడా బండ చుట్టూనే ఉన్నారు. ఆయన వేలితో చూపించాడు. ఇది గవ్వ. ఇది ఆల్చిప్ప. ఇది వాటి పక్కనే పాకే పురుగు చేసుకున్న దారి. ఈ బండ ఒకప్పుడు సముద్రం అడుగు.

అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయితే పన్నెండేండ్లుగా నేను సముద్రం అడుగున గుడ్డలు ఉతకతా ఉండానా?"

అబ్బాయి నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. "నడక అలవాటుందా?"

కుంటిదాన్నని ఎవరైనా చెప్పారేమోనని నాకు రోషం వచ్చింది. "అలిపిరి నుంచి కొండకు మూడుసార్లు నడిచెక్కినా. సెప్పుల్లేకుండా," అన్నాను. అతను వాళ్ళ నాయన వైపు చూసి తృప్తిగా తల ఊపాడు. అంతే పెళ్ళిచూపులు. పోతూ పోతూ ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది: "ఏమనుకోవాకమ్మా. నన్ను సూసుకునేదానికి వచ్చినప్పుడు ఈయన మా బావి గట్టు సూసి పోయినాడు."

వాళ్ళు వేరే ఏమీ అడగలేదు, బండ తప్ప. అది నాకంటే వారం ముందే లారీ ఎక్కి అత్తగారింటికి పోయింది. నేను కుడికాలు పెట్టి లోపలికి పోయేసరికి నడవలో గోడకు ఆనించి, పైన ఒక బల్బు కూడా వేలాడగట్టి ఉంది. దానికి బదులుగా మా అమ్మకు చిత్తూరు నల్లరాతి బండ కొత్తది పంపించారు. ఉతకడానికి అదే మేలని అమ్మ చివరిదాకా అనేది.

ఆ ఇంటికి ఈ పిచ్చి బొటనవేలు నుంచి పట్టింది. మా మామ వాళ్ళ నాయన కళ్ళద్దాల పెట్టె భుజాన వేసుకుని అరవదేశంలో తిరునాళ్ళు తిరిగేవాడట. అరియలూరు దగ్గర ఒక చేలో అడ్డదారిన పోతుంటే రాయి తగిలి బొటనవేలు చితికింది. తిట్టుకుంటూ ఆ రాయిని విసిరేయబోయి చూస్తే, అది పాము చుట్ట చుట్టుకున్నట్టు తిరిగి ఉంది. విసరలేదు. పెట్టెలో వేసుకున్నాడు. అప్పటినుంచి ఏటా పోవడం, తేవడం. ఆయన తర్వాత మామ, మామ తర్వాత మా ఆయన.

ఇంతకీ వాళ్ళ దురదృష్టం, కాపురముండే ఊరి చుట్టూ అలాంటి రాయి ఒక్కటి లేదు. చిత్తూరు గుట్టలన్నీ నల్లరాయి. వెతికితే తేళ్ళు దొరుకుతాయి. తిరుమల కొండ రాళ్ళ మీద మాత్రం అలల గుర్తులు ఉన్నాయి. పెళ్ళయ్యాక మొక్కు తీర్చుకోవడానికి నడిచి ఎక్కుతుంటే మామ ఒక మలుపులో ఆగిపోయి, రాతి మీద ఇసుక గీతల్లాంటి వాటిని వేలితో తడుముతూ నాకు చూపించాడు. వెనక జనం గోవిందా గోవిందా అంటూ ఆయన్ను తోస్తున్నారు. "ఈ అలలు కొట్టిన కాలానికి గవ్వలు ఇంకా పుట్టలేదమ్మా," అని నిట్టూర్చాడు. "అంగడుండాది, సరుకు లేదు."

అందుకని నెలకో ఆదివారం బస్సెక్కి సత్యవేడు వైపు పోయేవాళ్ళం. అక్కడి మెత్తటి రాయిలో ఆకుల అచ్చులు, అదృష్టం బాగుంటే గోరంత గవ్వ అచ్చు దొరికేది. ఏడాదికోసారి, వానలు వెలిశాక, అంగడికి తాళం వేసి నలుగురం అరియలూరు, పెరంబలూరు వైపు పది రోజులు పోయేవాళ్ళం. అదే మా ఇంటి పెద్ద పండగ.

దొరికినవాటికి పుస్తకాల్లో పేర్లు ఉన్నాయి. మామకు అవన్నీ నోటికి వచ్చు. కానీ ఇంట్లో నడిచేవి అత్త పెట్టిన పేర్లే. చుట్ట తిరిగినది సుట్టకుదురు. సన్నగా, కోలగా ఉండేది బలపం. పైన పువ్వు చెక్కినట్టుండే గుండ్రటిది బన్ను. మామకు ఈ పేర్లంటే చిరాకు. అయినా, "ఆ బన్ను ఇటియ్యి," అనే అడిగేవాడు.

చిన్నవాటిని కళ్ళద్దాల డబ్బాల్లో దాచేవాళ్ళు. లోపల మెత్తటి గుడ్డ ఉంటుంది కాబట్టి దెబ్బ తగలదని మామ వాదం. దాంతో ఒకసారి మామ ఎంతో ఇష్టపడే సొరచేప పన్ను కనిపించకుండా పోయింది. కొత్త కోడలు ఊడ్చి పారేసిందని రెండు రోజులు నా మీద అనుమానం. నేను చెత్తకుండీ కూడా వెతికాను. మూడోరోజు పొద్దున ఐరాల నుంచి ఒక రిటైరైన బడి అయ్యవారు మొదటి బస్సుకే వచ్చి అంగడి బల్ల మీద డబ్బా పెట్టాడు.

"కండ్లద్దాలు సెయ్యమంటే పన్ను ఇచ్చినారేమప్పా?"

మామ డబ్బా తెరిచి చూసి ఆయన్ను కౌగిలించుకున్నంత పని చేశాడు. "సామీ! యాడ దొరికింది సామీ?"

"నువ్వే గదా ఇచ్చింది! నా అద్దాలు యాడ?"

అవి బీరువాలో భద్రంగా ఉన్నాయి. మీద మా ఆయన అందమైన దస్తూరీతో చీటీ కూడా అంటించి ఉంది: సొరచేప పన్ను, చాలా అరుదు. అయ్యవారు ఆ అద్దాలు పెట్టుకుని చీటీ చదివి, ఇంకోమాట మాట్లాడకుండా బస్సుకు పోయాడు.

మొదటి ఏడు అరియలూరు వైపు పోయినప్పుడు నాకు ఏమీ దొరకలేదు. ఎర్రటి ఎండ, మొలకెత్తని నేల, ఎటు చూసినా వాన కోసిన గండ్లు. నాలుగో రోజుకు అరికాళ్ళు బొబ్బలెక్కి ఒక గట్టు మీద కూర్చుని ఏడ్చాను. అత్త వచ్చి పక్కన కూలబడింది.

"రాయి కోసరం ఎతకద్దమ్మా. ఊరికే సూడు. బియ్యంలో రాళ్ళేరేటప్పుడు మనమేమన్నా ఎతుకుతామా? అదే కంటికి అడ్డం పడతాది."

మామ చదివిన పుస్తకాలన్నిటికంటే ఆ ఒక్క మాటే నాకు పనికొచ్చింది. మర్నాడు నీళ్ళ బిందె దించుతుంటే, బిందె కుదురు పక్కనే ఒక బన్ను. చేతిలోకి తీసుకుంటే గుండె ఎంత కొట్టుకుందో! మా ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, పెళ్ళిచూపుల్లో తల ఊపినట్టే ఊపాడు.

నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో చూపున్నది అత్తకొక్కదానికే. మామ ఊరందరికీ అద్దాలిచ్చేవాడు గానీ ఆయన కళ్ళు బొత్తిగా మందం. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని, సుత్తి, ఉలి, నోటుపుస్తకం పట్టుకుని దినమంతా తిరిగి మామూలు రాళ్ళు తెచ్చేవాడు. వంట చేయడానికని వచ్చిన అత్త నీళ్ళకు పోయి వస్తూ కొంగులో నాలుగు మూటగట్టుకుని వచ్చేది. "ఇది పనికొస్తాదేమో సూడు," అని పొయ్యి దగ్గర పడేసేది.

మామ వాటిని తిప్పి తిప్పి చూసి, మెచ్చుకోలేక, "యాడ దొరికిందో గుర్తు పెట్టుకున్నావా?" అనేవాడు.

"నీళ్ళకు పోయిన తావ."

నోటుపుస్తకంలో అదే రాసేవాడు. తిరుపతి కాలేజీలో రాళ్ళ పాఠం చెప్పే ఒక లెక్చరరుగారికి మా సేకరణ అంటే గౌరవం. ఏటా మామ తీసుకుపోయి చూపించేవాడు. ఆయనకు ఒక్కటే బాధ. "చాలా మంచి శిలాజం. కానీ దొరికిన స్థలం 'ముల్లు గుచ్చుకున్న తావ' అని రాస్తే ఎలాగండీ?"

అక్కడి ఊరివాళ్ళకు మేమొక వింత. ఏం వెతుకుతున్నారని ఆడవాళ్ళు అడిగితే, మొదటిసారి అత్తకు ఏం చెప్పాలో తోచక, వచ్చీరాని అరవంలో ముక్కుపుడక పోయిందని చెప్పింది. పాపం, పదిమంది చేతిపని వదిలి మాతోపాటు వెతికారు. మరుసటి ఏడు బస్సు దిగీదిగగానే, "దొరికిందా?" అని అడిగారు. అప్పటినుంచి ఆ ఊరి పొలిమేర దాటేదాకా అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే నడిచేది. ముక్కుపుడక తీసి దాచమని చెబితే, "తీసి యాడన్నా పారేసుకుంటే?" అనేది.

మాకు అన్నిటికంటే పెద్దది దొరికింది ఎనభైల మొదట్లో. ఆ ఊరి బయట ఒక తుమ్మచెట్టు ఉంది. మధ్యాహ్నం దాని నీడలోనే తినేవాళ్ళం. అత్త కూర్చోవడానికి ఒక గుండ్రటి రాయి ఉండేది, ఆమెకు మోకాళ్ళ నొప్పి కాబట్టి దాన్ని ఎవరూ ముట్టేవాళ్ళం కాదు. ఆ ఏడు వానలు విపరీతంగా పడ్డాయి. చెట్టు కింద మట్టంతా కొట్టుకుపోయింది. అత్త రాయి మీద కూర్చుంటే కాళ్ళు నేలకు అందలేదు.

"ఈ రాయి పెరిగినట్టుండాదే," అంది.

"రాళ్ళు పెరగవు," అన్నాడు మామ పుస్తకంలోంచి తల ఎత్తకుండా. ఈ ఏడు ఉత్తరపు గండిలో వెతకాలని, అక్కడే పెద్దవి ఉండే అవకాశం ఉందని మా ఆయనకు వివరిస్తున్నాడు.

నేను అత్తకు పెరుగన్నం పెడదామని వంగాను. ఆమె చీర కుచ్చిళ్ళ కింద, రాతి పక్కన, వరసగా కణుపులు. ఒక్కో కణుపు నా అరచెయ్యంత. అవి మలుపు తిరిగి వెనక్కి పోతున్నాయి.

"అత్తా, లెయ్యి."

"తినేటప్పుడు లేపుతావేంది?"

"లెయ్యత్తా!"

ఆమె లేచింది. బండిచక్రానికి కొంచెం తక్కువ. సుట్టకుదురు. సగం ఇంకా మట్టిలోనే ఉంది. మా ఆయన అన్నం ముద్ద నోటి దాకా తెచ్చినవాడు అలాగే ఉండిపోయాడు. మామ అద్దాలు తీశాడు, పంచెతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏడేండ్లు," అన్నాడు చివరికి. "ఏడేండ్లుగా దీనిమీద కూసోని నన్ను ఊరగాయ అడగతా ఉన్నావు గదే!"

"నువ్వు నా ఎదురుగానే కూసోనుంటివి గదా. ఒక్కసారన్నా నా పక్క సూసుంటే కనపడుండు," అంది అత్త.

దాన్ని తవ్వి తీయడానికి మూడు రోజులు పట్టింది. ముక్కుపుడక వెతికిన ఆడవాళ్ళే గడ్డపారలు తెచ్చి సాయం చేశారు. చిత్తూరు నుంచి బెల్లం తెచ్చి దించి ఖాళీగా తిరిగిపోతున్న లారీ ఒకటి పెరంబలూరు రోడ్డులో దొరికింది. వరిగడ్డి పరిచి, అత్త పాత చీరలు రెండు చుట్టి, రాయిని ఎక్కించాం. మేము టీ తాగి వచ్చేలోపల డ్రైవరు తన వంతు భక్తి చూపించాడు. చీర పక్కకు తీసి, పసుపు పూసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాడు. "సక్రం మాదిరి ఉండాది సార్. దారిలో మంచిదే," అన్నాడు. మామకు కోపం వచ్చింది గానీ లారీ అతనిది.

సాయంకాలం నాలుగింటికి రాష్ట్రం సరిహద్దు దగ్గర చెక్‌పోస్టులో ఆపారు. ఆ రోజుల్లో అరవదేశపు గుళ్ళలో విగ్రహాలు మాయమవుతున్నాయని పేపర్లలో తరచూ వచ్చేది. పోలీసు జవాను పైకెక్కి చీర తొలగించాడు. ముందు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత విజిల్ వేశాడు.

ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చాడు. నడివయసు మనిషి, మీసాలు గట్టివి. "ఇది ఏ గుడిలోది?"

"గుడిది కాదు సార్, సముద్రానిది," అన్నాడు మామ.

"సముద్రం యాడుండాదయ్యా ఈడ?"

"ఇప్పుడు లేదు సార్. ముందర ఉన్నింది."

"ఎప్పుడు?"

మామకు అబద్ధం రాదు. "పదికోట్ల ఏండ్ల కింద సార్."

ఇన్‌స్పెక్టరు మా నలుగురినీ ఒక్కొక్కరిగా చూశాడు. "బొట్టెవురు పెట్టినారు? ఆ నత్తే పెట్టుకున్నిందా?"

డ్రైవరు అప్పటికే లారీ అవతలి వైపు నిలబడి, మేమెవరో తెలియనట్టు ఆకాశం చూస్తున్నాడు. జవానుకు అనుమానం పెరిగింది. లోపల ఏదో దాచారు, పగలగొట్టి చూద్దామని సమ్మెట కోసం పోయాడు. అది వినగానే అత్త లారీ చక్రం మీద కాలు వేసి, ఆ మోకాళ్ళ నొప్పితోనే ఎట్లా ఎక్కిందో ఎక్కి, రాయి మీద కూర్చుంది. బంతిపూల దండ మీదే.

"ఏసుకో. ముందర నామీద ఏసుకో, ఆ తర్వాత దానిమీద."

"దిగమ్మా, దిగు!"

"నాకు అలవాటే నాయనా. రేత్రి దాకా కూసోమన్నా కూసుంటా."

మా ఆయనకు అప్పుడు గుర్తొచ్చి లెక్చరరుగారి ఉత్తరం సంచిలోంచి తీసి ఇచ్చాడు. పెద్దది ఏదైనా దొరికితే కాలేజీకి తీసుకురమ్మని ఆయన టైపు చేయించి ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు దాన్ని చేయి చాచినంత దూరం పట్టుకున్నాడు. వెలుతురు వైపు తిప్పాడు. ఇంకొంచెం దూరం జరిపాడు. చెయ్యి చాలలేదు. "ఇందులో ఏమీ లేదే," అన్నాడు గంభీరంగా.

మామ ఒక్కసారిగా నిటారుగా నిలుచుని ముందుకు వచ్చాడు. ఇది ఆయన అంగడి పని. "సార్, మీకు నలభై దాటినాయా?"

"నా వయసెందుకయ్యా నీకు?"

మామ జవాబు చెప్పకుండా సంచిలోంచి డబ్బాలు తీసి ఒకటొకటిగా తెరిచాడు. మొదటిదాంట్లో బలపం, రెండోదాంట్లో బన్ను. మూడోదాంట్లో అద్దాలు. వాటిని తనే తుడిచి, ఆ ఇన్‌స్పెక్టరు ముక్కు మీద తనే పెట్టాడు. ఆయన ఉత్తరం చూశాడు. చెయ్యి దగ్గరికి తెచ్చుకున్నాడు. మొదటినుంచి చివరిదాకా చదివాడు, మళ్ళీ ఇంకోసారి చదివాడు. తర్వాత జేబులోంచి ఏవో కాగితాలు తీసి అవి కూడా చదివాడు.

"రెండేండ్లుగా అక్షరాలు సిన్నవిగా అచ్చేస్తా ఉండారని అనుకుంటి గదయ్యా!"

మమ్మల్ని టీ తాగేదాకా పోనివ్వలేదు. అత్త మాత్రం లారీ దిగలేదు. టీ పైకే తెచ్చిచ్చారు, సమ్మెట తెచ్చిన జవానే.

రాయి ఇంటి గుమ్మంలో పట్టలేదు. మూడు రోజులు వీధిలోనే ఉంది. రెండోరోజుకే ఎవరో కర్పూరం వెలిగించారు. మూడోరోజు ఒకాయన టెంకాయతో వచ్చేసరికి మామ హడలిపోయి, తిరుపతి కాలేజీకి అప్పగించేశాడు. వాళ్ళు మ్యూజియం గదిలో పెట్టి కింద పలక వేశారు: చిత్తూరు కళ్ళద్దాల వ్యాపారి కనుగొన్నది.

మామ పోయి చూసి ముఖం మాడ్చుకుని వచ్చాడు. "అబద్ధం రాసినారు," అన్నాడు. పలక మార్పించడానికి మూడుసార్లు తిరుపతికి పోయాడు. మూడోసారి పూతలపట్టులో బస్సు చెడిపోతే మూడు గంటలు ఎండలో నిలబడి మరీ పోయాడు. అత్తకు ఇదేమీ చెప్పలేదు. కొండకు పోదామని ఆమెనూ నన్నూ బయల్దేరదీసి, దారిలో కాలేజీ ముందర దింపాడు. అత్తకు చదువు రాదు. పలక నేనే చదివాను: కనుగొన్నది చిత్తూరు కళ్ళద్దాల వ్యాపారి భార్య.

అత్త నా చెవి దగ్గర అడిగింది: "కూసున్నట్టు రాసినారా?"

"లేదత్తా."

"బతికినా," అంది.

మరుసటి ఏడు మళ్ళీ అదే తుమ్మచెట్టు కిందికి పోయాం. అత్తకు కూర్చోవడానికి ఏమీ లేదు. మామ చిత్తూరు నుంచి అంగడిలోని ముక్కాలిపీట మోసుకొచ్చాడు. నాలుగు బస్సులు మారాం, నలుగురు కండక్టర్లూ దానికి లగేజీ టిక్కెట్టు కొట్టారు. చెట్టు కింద దాన్ని పెట్టి, దుమ్ము తుడిచి, "కూసో," అన్నాడు. ఈసారి ఆమెకు ఎదురుగా, ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. అత్త సిగ్గుపడి, చీర సర్దుకుని కూర్చుంది. మెత్తటి మట్టిలోకి పీట కాలు ఒకటి దిగబడి, ఆమె పెరుగు గిన్నెతో సహా పక్కకు ఒరిగి నేల మీదికి జారింది. మామ లేపబోయి తానూ పడ్డాడు. నేనూ మా ఆయనా కడుపు పట్టుకుని నవ్వుతున్నాం.

"నవ్వింది సాలు," అంది అత్త కింద నుంచి. "ముందర ఆ గిన్నె పట్టుకోండి, పెరుగు పోతా ఉండాది."